పది ఆంపియర్ల చార్జరు

మూడోసారి గడ వేసి నెట్టేసరికి దాసప్ప కుడిభుజం కలుక్కుమంది. ఆగడానికి వీల్లేదు. బోటులో ఆరుగురు బడిపిల్లలున్నారు. రెండు పాలక్యాన్లు, ఒక మేకపోతు కూడా ఉన్నాయి. పిల్లలంతా ఒకే పక్కకు ఒరిగి నీళ్ళలో చేతులు పెట్టి ఆడుతుంటే బోటు అటు వాలిపోతోంది. మేకపోతు ఒక్కటే బుద్ధిగా నడిమధ్యన నిలబడింది.

"ఈ పక్కకు జరగండి. మునిగితే ఎవురికీ ఈత రాదు. నాకూ రాదు," అన్నాడు దాసప్ప.

పిల్లలు నవ్వారు. అది నిజమని వాళ్ళకూ తెలుసు. బోడిగుట్టపల్లెలో ఈత వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఈత నేర్చుకోవాలంటే ముందు నీళ్ళుండాలి కదా. ఆ చెరువు మునుపు కూడా మోకాటిలోతుకు మించి నిండింది లేదు, ఇరవై రెండేళ్ళపాటైతే పూర్తిగా ఎండి కంపచెట్లు మొలిచాయి, గొర్రెలు మేశాయి, పెళ్ళిళ్ళకు షామియానాలు కూడా వేశారు. కిందటేడు వానలూ కాలువ నీళ్ళూ కలిసివచ్చి చెరువు నిండి, అంచు పొర్లి మరువ పారింది. పారుతూ పారుతూ అవతలి ఒడ్డున ఉన్న అవతలిదొడ్డి ఊరికి పోయే బండిబాటను మింగేసింది. చుట్టూ తిరిగిపోతే పదకొండు కిలోమీటర్లు. అందుకని చేపల సొసైటీవాళ్ళు ఒక ఫైబరు బోటు కొని, దానికి బ్యాటరీతో తిరిగే చిన్న మోటారు పెట్టించారు. నడిపేదెవరు అని అడిగితే ముందుకొచ్చినవాడు దాసప్ప ఒక్కడే.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. కందికట్టెలాగా పొడుగ్గా, ఎండిపోయి ఉంటాడు. ముప్పై ఏళ్ళు బోర్లు వేసే లారీమీద పనిచేశాడు. కంప్రెసరు హోరుకు ఎడమచెవి పూర్తిగా పోయింది, కుడిచెవి సగం మిగిలింది. ఒకసారి రాడ్డు జారిపడి కుడిచేతి రెండు వేళ్ళ గోళ్ళు పోయాయి, మళ్ళీ రాలేదు. ఖాకీ చొక్కామీద నారింజరంగు లైఫ్ జాకెట్టు బిగించుకొని బోటు వెనక కూర్చుంటే ఎవరో ఆఫీసరనుకోవాలి. భూమి అడుగున నీళ్ళకోసం ముప్పై ఏళ్ళు వెతికినవాడికి ఇప్పుడు నీళ్ళమీద కూర్చున్నందుకు జీతం ఇస్తున్నారు. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా అతనికి నవ్వొస్తుంది. ఒక్కడే ఉన్నప్పుడు పైకే నవ్వుకుంటాడు.

రెండు రోజుల కిందట ఆ బ్యాటరీకి కరెంటు ఎక్కించే చార్జరు కాలిపోయింది. పిడుగు పడిందని దాసప్ప చెప్పాడు. సొసైటీవాళ్ళు నమ్మి, కొత్తది నువ్వే చూసి తెచ్చుకోపో అన్నారు. అప్పటినుంచి ఒడ్డువెంట, లోతులేని చోట, వెదురుగడతో నెట్టుకొస్తున్నాడు. పిల్లల్ని దాటించడానికి గడ చాలు. కానీ ఈ రోజు సాయంకాలం గడ అందని చోటికి పోవాలి.

కుళ్ళాయప్పకోసం పోవాలి. అదే లారీమీద ముప్పై ఏళ్ళూ కలిసి తిరిగినవాడు, దాసప్పకంటే ఆరేళ్ళు పెద్ద. బోరు ఎక్కడ వేయాలో రైతులకు పాయింటు చూపించేవాడు. ఆ రాతిదుమ్మే అతని ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడింది. మొదట టీబీ అనుకొని రెండేళ్ళు మాత్రలు మింగించారు. వారం కిందట ఆసుపత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చిన రోజే అతను దాసప్ప చెయ్యి పట్టుకొని ఒకే ఒక్క కోరిక కోరాడు.

"నన్ను మన పాయింటుమీదికి తీసుకపోరా దాసా. ఆడ నీళ్ళమీద ఒకతూరి కూసుంటా."

మన పాయింటు అంటే దాసప్పకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. చెరువు ఎండిన పదమూడో ఏట, తాగేనీళ్ళకని ఊరంతా కలిసి చెరువు నడిబొడ్డున వేయించిన బోరు అది. కుళ్ళాయప్ప చూపించిన చోటే లారీ నిలబెట్టారు. ఏడువందల ఇరవై అడుగులు దిగినా తెల్లదుమ్ము తప్ప తడి తగల్లేదు. బిందెలు పట్టుకొని వచ్చిన ఆడవాళ్ళ నెత్తిన ఆ దుమ్ము పడింది. ఆ రోజుతో కుళ్ళాయప్పను పాయింటు చూడమని పిలిచేవాళ్ళు లేకుండా పోయారు. ఇప్పుడు ఆ చోట ముప్పై అడుగుల నీళ్ళున్నాయి. పోవాలంటే మోటారు తిరగాలి, మోటారు తిరగాలంటే చార్జరు రావాలి.

పిల్లల్ని దించేసి, బోటు కట్టేసి, కాలిన చార్జరును బియ్యంసంచిలో వేసుకొని దాసప్ప కట్టకింద ఉన్న కుళ్ళాయప్ప ఇంటికి వచ్చాడు. వాకిట్లో పందిరికింద మంచంమీద మూడు దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు కుళ్ళాయప్పను. పడుకుంటే ఊపిరాడదు.

"గుత్తికి పోతాండా అన్నా. సాయంత్రానికి బోటు రెడీ."

కుళ్ళాయప్ప ఊపిరి కూడగట్టుకున్నాడు. "ఈ పొద్దేనా?"

"ఈ పొద్దే."

అతని కళ్ళు మెరిశాయి. భార్య తిప్పమ్మ సందు చివరిదాకా దాసప్ప వెంట వచ్చింది. "రేపనొద్దు దాసప్పా. నిన్నటి నుంచి గంజి గూడ దిగలేదు," అని గొంతు తగ్గించి చెప్పింది. దాసప్ప కుడిచెవి అటు తిప్పి విన్నాడు.

బస్సులో అతనికి కాళ్ళు ఒకచోట నిలవలేదు. ఒక పక్క భయం, దానికి రెండింతలు హుషారు. పుట్టి బుద్ధెరిగాక ఒక యంత్రాన్ని నువ్వే చూసి కొనమని అతనికెవరూ చెప్పలేదు. లారీ ఓనరు రాయి తొలిచే బిట్టు ఏది కొంటే అది బిగించాడు, ఏ రాడ్డు తెస్తే అది మోశాడు. బ్యాటరీమీద రాసున్న అంకెలన్నీ ఒక అట్టముక్కమీద బొగ్గుతో దిద్దుకొని తెచ్చాడు. దాన్ని పది నిమిషాలకొకసారి తీసి చూసుకున్నాడు.

గుత్తి బస్టాండు వెనక సందులో జ్యోతిలక్ష్మి బ్యాటరీల అంగడి. చీరమీద మగవాళ్ళ ఖాకీ చొక్కా వేసుకుంది, దాని నిండా యాసిడ్డు చిల్లులే. కళ్ళద్దాలు నెత్తిమీద ఉన్నాయి. ఆ చుట్టుపక్కల ట్రాక్టరు బ్యాటరీ అయినా ఇన్వర్టరు బ్యాటరీ అయినా ఆమె చెయ్యి పడకుండా బతకదని పేరు.

"బోటుకా? మన పక్క బోటు యాడిది అన్నా?" అంది.

"చెరువు నిండింది గదమ్మా," అన్నాడు దాసప్ప, తానే నింపినట్టు. తరువాత సంచి విప్పాడు. "పిడుగు పడింది దీనిమీద."

జ్యోతిలక్ష్మి నాలుగు మరలు విప్పి, కళ్ళద్దాలు కిందికి లాక్కొని లోపలికి చూసింది. వాసన చూసింది.

"పిడుగు పడితే ఇట్ల కాలదు. ప్లగ్గు యాడ పెట్టినావు?"

"చెరువు గట్టున. మోటారు షెడ్డులో."

"రైతు బోరు మోటారా? స్టార్టరు పెట్టెలోంచి వైరు తీసుకుంటివా?"

దాసప్ప సంచి మడతపెట్టడంలో పడ్డాడు. పొలాలకిచ్చే లైనులో మూడు ఫేజులుంటాయి. ఒకటి పోయినా మిగిలిన రెండింటితో ఎట్లాగో మోటారు తిప్పుకోవడం ఆ పల్లెల్లో ఆవును పిండుకోవడమంత మామూలు పని. కరెంటు ఎక్కువైతే పాడవుతుందని అక్కడ ఎవరికీ తోచదు, అక్కడెప్పుడూ తక్కువే వస్తుంది. దాసప్ప కూడా చేతి అలవాటుకొద్దీ రెండు ఫేజుల తీగలు లాగి చార్జరుకు చుట్టాడు. ఇంటి కరెంటుకు చేసిన వస్తువు అది. ఫట్‌మని ఒక్క శబ్దం చేసి పొగ వదిలింది.

"రెండు ఫేజులు ఇచ్చినా," అన్నాడు చివరకు.

"అదీ సంగతి. దీనికి ఒక ఫేజు, ఒక న్యూట్రలు చాలు. వారానికి ఇద్దరన్నా వస్తారు ఇట్ల కాల్చుకోని. అందరిమీదా పిడుగే పడింటాది," అంది ఆమె, నవ్వకుండా.

రెండు రోజులనుంచి గుండెమీదున్న బండ దిగినట్టయింది దాసప్పకు. ఆమె మూడు చార్జర్లు తెచ్చి బల్లమీద పెట్టింది. చిన్నదాన్ని తానే పక్కకు నెట్టేసింది, అది మోటారుసైకిళ్ళకు. మిగిలినవి రెండు. ఒకటి పిడి ఉన్న ఇనప్పెట్టె. ఇంకొకటి చపాతీల డబ్బా అంత అల్యూమినియం పెట్టె, వీపుమీద గాట్లు, ముందు మూడు చిన్న లైట్లు.

దాసప్ప రెండింటినీ రెండు చేతులతో ఎత్తి చూశాడు. ఇనప్పెట్టె వైపు చెయ్యి కిందికి దిగిపోయింది. అతని ముఖం చేటంతైంది. "ఇది గట్టిది. ఇదే ఇయ్యి."

"తూకం వేసి తీసుకునేదానికి ఇవేమన్నా కూరకు కొనే ఎర్రగడ్డలా?"

"ఒకతూరి ఆన్ చెయ్యమ్మా. గొంతు వింటా."

ఆమె ప్లగ్గు పెట్టింది. ఇనప్పెట్టె గుర్రుమంది. బల్ల అదిరింది, బల్లమీది మరలు గలగలలాడాయి. దాసప్ప సగం చెవికి కూడా ఆ శబ్దం హాయిగా వినిపించింది. అతను పెట్టెమీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. రాయి ఎట్లాంటిదో, లోపల బిట్టు ఎట్లా తిరుగుతోందో రాడ్డుమీద చెయ్యి పెట్టి చెప్పగలిగిన మనిషి అతను. ఇది ముప్పై ఆంపియర్లది అని ఆమె చెప్పింది. ముప్పై అనే అంకె కూడా అతనికి నచ్చింది.

"ఎంతసేపట్లో నిండుతాది?"

"నాలుగు గంటల్లో నింపుతాది. నాలుగు నెలల్లో చంపుతాది గూడ." ఆమె అట్టముక్క తీసుకొని అతని బొగ్గు అంకెలమీద వేలు పెట్టింది. "నీది నూరు ఆంపియర్ల బ్యాటరీ. దాంట్లో పదోవంతే పోయల్ల గంటకు. ముప్పై పోస్తే లోపల నీళ్ళు ఉడికిపోతాయి, ప్లేట్లు వంగిపోతాయి. ఇదిగో, ఈ పది ఆంపియర్లది తీసుకో. నిండినాక దానంతట అదే నిలబడిపోతాది. క్లిప్పులు అటిటు పెట్టినా కాలదు."

ఆమె అల్యూమినియం పెట్టెకు కరెంటిచ్చింది. ఎర్రలైటు వెలిగింది. దాసప్ప చెవి ఆనించాడు, చెయ్యి ఆనించాడు. ఏమీ లేదు.

"ఇది పలకదే. పని చేస్తాందా, ఊరికే లైటు చూపిస్తాందా?"

"పలకదు. చేస్తాది."

"ఎంతసేపు?"

"పన్నెండు గంటలు."

దాసప్ప ముఖం వాడిపోయింది. గోడ గడియారం చూశాడు, పదకొండు కావస్తోంది. మళ్ళీ ఇనప్పెట్టె పిడి పట్టుకున్నాడు. "ఇదే ఇయ్యమ్మా. బ్యాటరీ పోతే పోనీ. ఈ సాయంత్రం ఒక మనిషిని నడి చెరువుకు తీసుకపోవల్ల. ఆయప్పకు రేపు లేదు."

జ్యోతిలక్ష్మి అతనికేసి చూసింది. పెట్టె ఇవ్వలేదు, పొమ్మనీ అనలేదు. పెన్సిలు తీసి అట్ట వెనక్కి తిప్పింది.

"ఎంత దూరం?"

"పోయేదానికి కిలోమీటరు, వచ్చేదానికి కిలోమీటరు."

"ఎంతమంది?"

"ఇద్దరం."

"మోటారు నిదానంగా తిప్పుతావా?"

"నిదానంగానే. తొందరేముండాది మాకు."

ఆమె రాసింది, గీసింది, మళ్ళీ రాసింది. "ఒంటిగంటకు పెట్టు. ఐదుకు తీసెయ్. నలభై ఎక్కుతాది. నిదానంగా పోయి నిదానంగా వస్తే మీకు ఇరవై చాలు. ఇంగా ఇరవై మిగుల్తాది అన్నా. ఇనప్పెట్టె అక్కర్లేదు."

దాసప్ప ఆ అంకెల్ని చాలాసేపు చూశాడు. బోరు లెక్క అతనికి బాగా తెలుసు. మూడువందల అడుగుల్లో పడతాయంటారు, ఐదువందలు దించుతారు, ఇంకో వంద చూద్దాం అంటారు. ఎంత దించినా చాలేది కాదు. కావాల్సిందానికంటే ఉన్నది ఎక్కువ తేలిన లెక్కను అతను తన బతుకులో మొదటిసారి చూశాడు. సంతోషం పట్టలేక ఆమె పెన్సిలు తీసుకొని ఆ ఇరవై చుట్టూ తానే ఒక సున్నా గీశాడు.

"ఇంటి లైనుకే పెట్టు. గాలి ఆడేచోట పెట్టు. ఎర్రదానికి ఎర్రది," అని అప్పగింతలు చెప్పి, పెట్టె కట్టిస్తూ అడిగింది జ్యోతిలక్ష్మి. "ఆయప్ప ఎవురు మీకు?"

"నాతో లారీమీద తిరిగినాడు. బోర్లకు పాయింట్లు చూపిస్తాండె."

"మా నాయన గూడ వేయించినాడు రెండు బోర్లు."

"నీళ్ళు పడినాయా?"

"ఊహూ."

పాయింటు ఎవరు చూపించారని దాసప్ప అడగలేదు. 

తిరుగు బస్సులో అతను పెట్టెను ఒళ్ళో పెట్టుకొని రెండు చేతులా పట్టుకున్నాడు. "ఏమప్పా, వజ్రకరూరు చేన్లలో వజ్రమేమన్నా దొరికిందా, అట్ల అదుముకున్నావు?" అని పక్కసీటాయన వేళాకోళం చేశాడు. దాసప్ప మాత్రం పెట్టె మూత తీసి మూడు లైట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏది ఎప్పుడు వెలుగుతుందో అతనికి ఊరు వచ్చేదాకా వివరించాడు.

ఒంటిగంటకు ఐదు నిమిషాలుందనగా కుళ్ళాయప్ప ఇంటి కిటికీలోంచి తీగ లాగి, పందిరికింద మంచం పక్కనే బ్యాటరీ పెట్టి, ఎర్రదానికి ఎర్రది తగిలించాడు. తిప్పమ్మ స్విచ్చి వేసింది. ఎర్రలైటు వెలిగింది. ముగ్గురూ దాన్నే చూస్తూ ఉండిపోయారు.

"శబ్దం రాలేదే," అన్నాడు కుళ్ళాయప్ప.

"పలకదంట అన్నా. పని చేస్తాదంట."

మధ్యాహ్నం అట్లా గడిచింది. కుళ్ళాయప్ప కళ్ళు మూసుకొనేవాడు, తెరిచేవాడు. తెరిచినప్పుడల్లా లారీమీద అడిగినట్టే అడిగేవాడు. "ఎన్ని అడుగులైంది?"

"పది," అనేవాడు దాసప్ప, గడియారం చూసి ఆంపియర్లు లెక్కగట్టి. తరువాత "పదిహేడు". తరువాత "ఇరవై ఐదు". ఇరవై ఐదు అన్నప్పుడు కుళ్ళాయప్ప పెదవులమీద నవ్వు వచ్చింది. "రాయా, మట్టా?" అని అడిగాడు. "మెత్తటి మట్టి. నున్నగా దిగుతాంది," అన్నాడు దాసప్ప. తిప్పమ్మ గంజి తెచ్చి, ఈ ఇద్దరికీ పిచ్చి పట్టిందని గొణిగింది. ఆ సందట్లోనే కుళ్ళాయప్పచేత నాలుగు చెంచాల గంజి తాగించింది.

నాలుగు గంటలప్పుడు దాసప్ప మంచం పట్టెమీద కూర్చొని అతని చెవి దగ్గర చెప్పాడు. "పిడుగు కాదన్నా. నేనే కాల్చినా. రెండు ఫేజులు ఇచ్చినా."

 కుళ్ళాయప్ప పక్కటెముకలు ఎగిరెగిరి పడ్డాయి. అది నవ్వని దాసప్పకు కొంచెం ఆలస్యంగా తెలిసింది.

"నీది ఒక చార్జరే పోయింది గదరా," అన్నాడు కుళ్ళాయప్ప.

 దాసప్ప అతని పాదాలమీద దుప్పటి సర్దాడు.

ఐదింటికి క్లిప్పులు తీసి, బ్యాటరీ తోపుడుబండిమీద పెట్టి బోటుకు చేర్చి వచ్చాడు. కుళ్ళాయప్పను ఎత్తుకుందామని వంగితే అతను ఆగమని సైగ చేసి భార్యను పిలిచాడు. "ఒక టెంకాయ ఇయ్యి. పిలక ఉండేది."

తిప్పమ్మ కదల్లేదు. పాయింటు చూసేది టెంకాయతోనే. పిలక వేళ్ళవైపు ఉండేట్టు అరచేతిలో పడుకోబెట్టుకొని పొలమంతా నడిచేవాడు కుళ్ళాయప్ప. కింద నీళ్ళున్న చోట కాయ దానంతట అదే లేచి నిలబడుతుంది. అది నిలబడిన చోట రైతు రాయి పెట్టుకునేవాడు. చెరువు బోరు దుమ్ము పోసిన రోజు ఇంటికొచ్చి ఇంక ఈ చేత్తో టెంకాయ పట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. గుడికి పోయినా తిప్పమ్మే పట్టుకునేది. ఆమె కాసేపు మొగుడి ముఖం చూసి, గంగమ్మకని తెచ్చిన కాయ లోపలినుంచి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"నువ్వూ రా వదినా," అన్నాడు దాసప్ప.

"ముప్పై ఏండ్లు తిరిగినారు, ఒకదినమన్నా పిలిచినారా నన్ను? పోండి, మీ పని మీరు చూసుకోండి," అంది ఆమె. అంటూనే, దాసప్ప అతన్ని ఎత్తుకొని పోతుంటే కట్టదాకా వెంట వచ్చి, బోటులో మొగుడికి లైఫ్ జాకెట్టు తొడిగి తాళ్ళు తానే బిగించి, నీళ్ళ అంచున నిలబడింది.

మోటారు సద్దు లేకుండా తిరిగింది.  తూము రాళ్ళు వెనకబడ్డాయి, కంపచెట్ల తలలు వెనకబడ్డాయి. ఎదురుగా చెరువు తెరుచుకుంది. ఎర్రగుట్టలు, ఆకాశం, పొద్దు అన్నీ దాంట్లోనే ఉన్నాయి. కుళ్ళాయప్ప చిన్నపిల్లవాడిలాగా మెడ అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంత నీరా, ఇంత నీరా అని రెండుసార్లు అన్నాడు. తూమూ బోడిగుట్ట శిఖరమూ ఒక వరుసలోకి వచ్చినచోట దాసప్ప మోటారు ఆపాడు.

"ఈడే అన్నా."

కుళ్ళాయప్ప నిటారుగా కూర్చోవడానికి ప్రయత్నించాడు. దాసప్ప వీపుకు చెయ్యి ఆనించాడు. అతను టెంకాయను అరచేతిలో పడుకోబెట్టి, పిలక వేళ్ళవైపు తిప్పి, చెయ్యి చాచాడు. ఇద్దరూ దానికేసే చూశారు. కాయ కదల్లేదు. బోటు చిన్నగా ఊగుతోంది, అయినా కాయ కదల్లేదు.

"చెయ్యి వణుకుతాంది గదా, అందుకే," అన్నాడు దాసప్ప.

"వణికితే లేయల్ల గదరా."

ఇంకాసేపు చూశారు. తరువాత కుళ్ళాయప్ప నవ్వడం మొదలుపెట్టాడు. ఈసారి శబ్దం కూడా వచ్చింది, దగ్గు కలిసిన నవ్వు. "ముప్పై అడుగుల నీళ్ళుండాయి కింద. దీనికి తెల్దు," అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "నా చేతిలోనే ఏందో పాపముండాదనుకుంటి దాసా. ఇన్నేండ్లూ. కాయకే తెల్దు."

"కాయకే తెల్దన్నా," అన్నాడు దాసప్ప. అతనికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నవ్వునే పైకి రానిచ్చాడు.

కుళ్ళాయప్ప ఎడమచెయ్యి నీళ్ళలోకి దించి, తడిచేత్తో ముఖం తుడుచుకొని, మళ్ళీ దించాడు. "సల్లగుండాది," అన్నాడు. బోటు అంచుకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. టెంకాయ కుడి అరచేతిలోనే ఉంది, ఆ చెయ్యి కూడా అదే అంచు బయటికి వాలి ఉంది.

దాసప్ప బ్యాటరీ మీటరు చూశాడు. ఆ అమ్మ చెప్పింది చెప్పినట్టే ఉంది, నలభైలో ఇంకా ముప్పై మిగిలింది. "శానా ఉండాదన్నా ఇంగా. ఒక చుట్టు తిరుగుదామా?" అన్నాడు. జవాబు వినిపించలేదు. తనకే వినిపించలేదేమోనని కుడిచెవి అటు తిప్పి మళ్ళీ అడిగాడు. సరేలే అని తానే అనుకొని మోటారు తిప్పి, బోటును మెల్లగా గుండ్రంగా మళ్ళించాడు.

ఆ మలుపులో టెంకాయ అరచేతిలోంచి దొర్లి నీళ్ళలో పడింది. కుళ్ళాయప్ప వేళ్ళు దానికోసం కదల్లేదు.

దాసప్పకు అర్థమైంది.  అయినా మోటారు ఆపలేదు, వేగమూ పెంచలేదు. తిరుగుదామన్న చుట్టు పూర్తిగా తిప్పి, నిదానంగా, తిప్పమ్మ నిలబడి ఉన్న ఒడ్డువైపు పోనిచ్చాడు. వెనక నడి చెరువులో, ఏడువందల ఇరవై అడుగుల ఎండుబోరుకు సరిగ్గా పైన, బోటు వదిలిన అలలమీద టెంకాయ ఊగుతూ తేలుతోంది.